ఒడ్డు మీద నారుకట్ట

పోతులబండలో నాట్ల కాలం వచ్చిందంటే భద్రమ్మ రాజ్యం వచ్చినట్టే. మిగతా నెలల్లో ఆమెను పలకరించినా పలకరించకపోయినా నడుస్తుంది. కాలువ నీళ్లు మళ్లలో నిలిచి, నారు చేతికందిందా, రైతులంతా తెల్లారేసరికి ఆమె గుమ్మం ముందే తేలతారు. బీహారు ముఠాలు ఈ మధ్య వస్తున్నాయి, వేగంగా నాటుతాయి కూడా. కాని వాళ్లు దొరకాలిగా! భద్రమ్మ గుంపు అయితే ఊళ్లోదే, మాటిస్తే తప్పదు, నాటితే మళ్లీ సరిచూసుకునే పని ఉండదు. కొల్లాపూర్ చుట్టుపక్కల ఆ గుంపుకు పేరుంది, ఆ పేరంటే భద్రమ్మకు కొంచెం గర్వం కూడా ఉంది. ఉండదా మరి?

ఆ గుంపుకు ఒక పద్ధతి. నాట్లు నడుస్తుండగా ఒడ్డు మీదికి ఎవరు వచ్చినా సరే, రైతైనా ఆఫీసరైనా దారిన పోయే దానయ్యైనా, ఒకామె నారుకట్ట తెచ్చి వాళ్ల కాళ్ల ముందు పెడుతుంది. అడిగిన ఇనాం ఇచ్చేదాకా ఆ కట్టను దాటకూడదు. దాటితే ఆ మడికి కీడు. అడిగేది ఎప్పుడూ చాయ్ పైసలే కనుక, వచ్చినవాళ్లు నవ్వుకుంటూ జేబులో చెయ్యి పెట్టేవాళ్లు.

ఆ రోజు ఐలేశం మడిలో నాట్లు. పొద్దున్నే సైదులు ఆటోలో కొల్లాపూర్ సర్కారు దవాఖానకు పోయిన కోడలు నవనీత, గంటైనా గడవకముందే ఒడ్డు మీద నడిచి రావడం చూసి భద్రమ్మ నడుము ఎత్తింది.

"ఏందే, గప్పుడే వచ్చినవ్?"

"పోతే గద అత్తా, వచ్చేది. ఊరి మొగదల బోర్డు కాడనే దింపిండ్రు" అంది నవనీత. చీర ఎగదోపుకొని మడిలోకి దిగి, ఒక నారుకట్ట విప్పుకొని నాటడం మొదలుపెట్టింది. ఆ నాటడంలో కోపం భద్రమ్మకు తెలుస్తూనే ఉంది. మొక్కను మట్టిలోకి పొడుస్తోంది.

నవనీతకు ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది ఇంకా పాలు తాగుతోంది. దాని కాన్పులో రక్తం ఆగక నవనీత కళ్లు తేలేసింది, దవాఖానవాళ్లు గుంజి బయటపడేశారు. లోపల పెట్టిన కాపర్-టీ ఎప్పుడు జారిపోయిందో తెలియలేదు, తెలిసేసరికి మూడో కడుపు. "నాకొద్దత్తా. ఇద్దరు చాలు. వాళ్లను పెంచనీకి నేనుండాలె గద" అని అత్త ముందే కుండబద్దలు కొట్టింది.

భద్రమ్మకు మనవడి మీద ఆశ లేదంటే అది పచ్చి అబద్ధం. యాదగిరిగుట్ట నరసింహస్వామికి ముడుపు కూడా కట్టింది. కోడలి మాట విని కొన్నాళ్లు మూతి ముడుచుకుంది, పళ్లెం గట్టిగా పెట్టింది, పలికినా పలకనట్టు ఉంది. కాని ఆ కాన్పునాటి బట్టలు ఉతికింది తనే. ఉతికిన కొద్దీ నీళ్లు ఎర్రబడుతూనే ఉండేవి. అది గుర్తొచ్చినప్పుడు ముడుపూ లేదు, మనవడూ లేదు. జడ్చర్లలో మందుల కంపెనీలో పనిచేసే కొడుకు నరేశ్ ఫోన్‌లో ఒక్క ముక్క అన్నాడు: "మోసేది అది, కనేది అది. దానికొద్దంటే నాకూ వద్దమ్మా." వాడు తన కడుపున పుట్టినందుకు ఆ పూట భద్రమ్మ మురిసిపోయింది.

ఇల్లు ఒప్పుకుంది. ఒప్పుకోనిది ఊరు. ఊరంటే ఎవరో కాదు, మల్లికార్జున్.

మల్లికార్జున్ మాజీ సర్పంచ్. పదవి పోయినా అందరూ ఆయనను సర్పంచ్ అనే పిలుస్తారు, ఆయనకూ అలా పిలిస్తేనే ఇష్టం. రెండేళ్ల కింద ఆఫీసర్లు ఊళ్లో మీటింగ్ పెట్టి, కడుపులో ఉన్నది ఆడో మగో స్కానింగ్‌లో చెప్పడం నేరమని, ఆడపిల్లను కడుపులోనే చంపొద్దని చెప్పిపోయారు. మంచి మాటే. ఆ మంచి మాట విన్న మల్లికార్జున్‌కు ఒంట్లో పూనకం వచ్చింది. వాళ్లు చెప్పినంత చేస్తే తన గొప్పేముంది? కమిటీ వేశాడు, ఊరి మొగదల పెద్ద బోర్డు పెట్టించాడు. మొదటి వరుసలో "ఆడపిల్లను కాపాడుకుందాం". దాని కింద ఇంకా పెద్ద అక్షరాలతో "ఈ ఊరిలో గర్భస్రావాలు నిషేధం". అడుగున తన పేరు. చేయించుకున్నవాళ్లకు జుర్మానా, ఎక్కించుకుపోయిన ఆటోకు జుర్మానా, ఆ ఇంటివాళ్లను పనికి పిలిచేది లేదు. ఆఫీసర్లు చెప్పిందొకటి, ఆయన బోర్డెక్కించింది ఇంకొకటి. ఎవరో వచ్చి మొదటి వరుస చదివి శాలువా కప్పిపోయారు, రెండో వరుసను ఎవరూ పట్టించుకోలేదు.

ఆ పొద్దున బోర్డు దగ్గర చాయ్ తాగుతున్న కమిటీవాళ్లు ఆటో ఆపారట. "ఇద్దరు ఆడపిల్లలున్నరు. ఇది గూడ ఆడపిల్లనే అని స్కానింగ్‌ల తెల్సుకొని తీయించుకోను పోతాంది" అన్నారట, పదిమంది వినేట్టు. సైదులు తన ఆటో బతుకు తలచుకొని నెత్తి గోక్కుంటూ ఆమెను దింపేశాడు. నవనీత చెప్తుంటే భద్రమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

సాయంత్రం పని దిగగానే కాళ్లైనా సరిగ్గా కడుక్కోకుండా మల్లికార్జున్ ఇంటికి పోయింది.

ఆయన చెడ్డవాడు కాడు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి రావచ్చు. మంచి పని చేస్తున్నాననుకునే మనిషితో వేగడం కష్టం. కుర్చీ వేయించాడు, భార్య కౌసల్యను చాయ్ తెమ్మన్నాడు.

"సర్పంచ్ సాబ్, నా కోడలు స్కానింగే తీయించలే. కడుపుల ఉన్నది ఆడపిల్లనో మగపిల్లగాడో దానికీ తెల్వదు, నాకూ తెల్వదు" అంది భద్రమ్మ.

"అందరు గట్లనే అంటరు భద్రవ్వా. ఇయ్యాల నీ కోడలిని వదిలిపెడితే రేపు ఇంకొకలు పోతరు. ఊరి ఇజ్జత్ ఏంగావాలె? రేపు డాక్టరమ్మ గూడ వస్తాంది, మన బోర్డు జూడనీకి."

"మల్ల దాని పానం మీదికొస్తే?"

"ఎందుకొస్తది? కాన్పుకు నా కార్ల నేనే తోల్కపోత. ఫికర్ జెయ్యకు. మగపిల్లగాడు పుట్టిండంటే నువ్వే వచ్చి నా చేతుల మిఠాయి పెడ్తవ్" అని నవ్వాడు.

అప్పుడు ఒక మాట భద్రమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో ఆయన నోరు మూతపడుతుంది. అంతలో కౌసల్య చాయ్ పట్టుకొని గడపలోకి వచ్చింది. కప్పు అందిస్తూ భద్రమ్మ కళ్లలోకే చూసింది.

పోయిన చలికాలంలో కౌసల్య మంచం పట్టిన సంగతి ఊరందరికీ తెలుసు. ఎందుకు పట్టిందో భద్రమ్మ ఒక్కదానికే తెలుసు. ముగ్గురు పిల్లలు పెద్దవాళ్లవుతున్న వేళ కౌసల్యకు నాలుగో కడుపు వచ్చింది. బోర్డు మీద మొగుడి పేరు ఉండగా తను దవాఖానకు ఎలా పోతుంది? ఎవరి చేతనో ఏవో గోలీలు తెప్పించుకొని, ఎన్ని మింగాలో తెలియక మింగింది. పక్కింటి భద్రమ్మ పోయేసరికి గోడకు ఆనుకొని కూర్చొని ఉంది, కింద చాప తడిసిపోయింది. "ఎవలికి జెప్పకు భద్రవ్వా" అన్నది ఒక్కటే మాట. తర్వాత రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఆడవాళ్ల రోగం అనేసరికి మల్లికార్జున్ ఇంకేమీ అడగలేదు. డబ్బు కట్టాడు, పండ్లు తెచ్చాడు, గుమ్మం బయట కూర్చున్నాడు.

నాలుక మీది మాటను భద్రమ్మ చాయ్‌తో పాటు మింగేసింది. మింగుడుపడలేదు. అయినా ఆ మాట తనది కాదు, కౌసల్యది. చెప్పాలో వద్దో ఆమే అనుకోవాలి. కోడలి కడుపు గురించి ఊరు తేల్చొద్దని పోట్లాడడానికి వచ్చి, ఇంకో ఆడదాని గుట్టు విప్పి గెలిస్తే ఆ గెలుపు ఎందుకు?

"రేపు మా మడి, యాదున్నది గద? నారు ముదిరిపోతాంది" అన్నాడు మల్లికార్జున్ ఆమె లేస్తుంటే.

"మాటిచ్చిన గద. వస్త" అంది భద్రమ్మ.

ఇంటికి పోయి, పక్క ఊరిదాకా నడిచి అక్కడ బస్సెక్కుదామని కోడలికి మెల్లగా చెప్పి చూసింది. నవనీత చిన్నదాన్ని ఒళ్లో వేసుకొని తల అడ్డంగా ఊపింది.

"దొంగలెక్క పోనత్తా. చాటుకు పోతే, ఆడపిల్లని తెల్సుకొనే తీయించిందని వాళ్లన్న మాట నిజమైతది. రేపు నా బిడ్డలు పెద్దగైనంక అమ్మ గట్ల జేసిందని ఇనాల్నా? ఏ తొవ్వల దింపిండ్రో గా తొవ్వలనే పోత."

"రోజులు గడిస్తే ఆగుతదా అది?"

"ఆగదు. అదే నా భయం" అంది నవనీత. భద్రమ్మకు కళ్లముందు కౌసల్య చాప మెదిలింది. గోలీల ఆలోచన ఈ పిల్లకు కూడా వస్తే? ఆ భయంతో ఆమెకు అన్నం సహించలేదు. కోడలు కాదు, కూతురైనా ఇంతే భయపడేదాన్ని కదా అనుకుంది, అనుకొని తన మీద తనకే ఆశ్చర్యమేసింది.

మర్నాడు గుంపంతా మల్లికార్జున్ మడిలోకి దిగింది. దమ్ము చేసిన మడి అద్దంలా ఉంది. ఎండ మాత్రం వానాకాలమన్న మర్యాద లేకుండా కాస్తోంది. పీకి పెట్టిన నారుకట్టలు ఒడ్డు పొడవునా వరుసగా ఉన్నాయి. పొద్దెక్కాక కారు ఆగింది. మల్లికార్జున్ తెల్లబట్టల్లో ముందు నడుస్తూ, బోర్డు కన్నా ముందు పొలం చూపిద్దామని వెనుక దవాఖాన డాక్టరమ్మ కరుణను తీసుకొస్తూ, కాలువ వచ్చాక తన పొలం ఎలా మారిందో చెప్తున్నాడు. ఇద్దరు ముగ్గురు కమిటీవాళ్లూ వెంట ఉన్నారు.

భద్రమ్మ ఎవరికీ సైగ చెయ్యలేదు. తనే ఒక కట్ట తీసుకొని ఒడ్డెక్కి, మల్లికార్జున్ కాళ్ల ముందు పెట్టింది.

"చూసిండ్రా డాక్టరమ్మా, మా రివాజు" అని ఆయన నవ్వుతూ జేబులో చెయ్యి పెట్టాడు. "ఇయ్యాల జర ఎక్కువనే ఇస్త, తీస్కో."

"పైసలొద్దు."

"మల్లేం గావాలె?"

"నా కోడలు దవాఖానకు పోనీకి తొవ్వ గావాలె."

మడిలో చేతులన్నీ ఆగిపోయాయి. మల్లికార్జున్ నవ్వు మొహం మీదే ఉండిపోయింది గాని, అందులో నవ్వు లేదు. "గిది జాగనా, గిది మాట్లాడనీకి?" అన్నాడు మెల్లగా.

"ఏం జరిగింది?" అని డాక్టరమ్మ అడిగింది. భద్రమ్మ నోరు తెరవబోయింది, కాని మడి మధ్యలోంచి నవనీత లేచి నిలబడింది. మోచేతులదాకా బురద, మొహాన చెమట.

"నేను జెప్త డాక్టరమ్మా. నాకు ఇద్దరు బిడ్డలు. చిన్నదాని కాన్పుల సచ్చి బతికిన. కాపర్-టీ ఉంటే గూడ మల్ల కడుపొచ్చింది. నాకొద్దు. స్కానింగ్ తీయించలే, ఆడనో మగనో నాకు తెల్వదు, తెల్సుకోను. మీ దవాఖానకే వస్తుంటే ఊరి బోర్డు కాడ దింపిండ్రు. నేనేం తప్పు జేసిన?"

"మీరేం తప్పు చెయ్యలేదు" అంది కరుణ. తర్వాత మల్లికార్జున్ వైపు తిరిగింది. "మేము చెప్పింది ఇది కాదు సర్పంచ్ గారూ. ఆడో మగో చెప్పడం నేరం, అడగడం నేరం. అంతే. ఈమె అడిగేది చట్టం ఇచ్చిన వైద్యం. దానికి ఆమె ఒప్పుకుంటే చాలు. భర్త సంతకమే అవసరం లేదు, మీ కమిటీ ఎక్కణ్ణుంచి వచ్చింది? మీరు ఆపినకొద్దీ ఆమెకు ప్రమాదం పెరుగుతుంది. ఆడపిల్లను కాపాడాలంటారు, ఈమె ఆడపిల్ల కాదా?"

కమిటీవాళ్లలో ఒకడు మెల్లగా గట్టు దిగి కారు వైపు జారుకున్నాడు. మల్లికార్జున్ మొహం మాడిపోయింది. కప్పిన శాలువా ఎవరో లాగేసుకుంటున్నట్టు భుజం సర్దుకున్నాడు.

"చట్టం మీది గావొచ్చు డాక్టరమ్మా. ఊరు మాది" అన్నాడు. అని కాలెత్తాడు, కట్ట దాటడానికి.

మడిలో ఆడవాళ్లంతా ఒక్కసారి "అయ్యో" అన్నారు. అవతలి మడి ఒడ్డు మీదున్న ఐలేశం "సర్పంచ్ సాబ్, వద్దు!" అని అరిచాడు. ఎత్తిన కాలు అలాగే ఆగింది. ఆయన మడి, ఆయన పంట, ఆయన ఎత్తిన కాలు. ఒక్క క్షణం తూలి, కాలు వెనక్కి పెట్టుకొని, తిరిగి పోదామని ఇటు తిరిగాడు.

వెనుక కౌసల్య నిలబడి ఉంది. గుంపుకు సద్ది తెచ్చింది. గంప కింద పెట్టి, వంగి, ఒక నారుకట్ట తీసుకొని ఆ వైపు కూడా ఆయన కాళ్ల ముందు పెట్టింది. ఇప్పుడు ముందుకూ లేదు, వెనక్కూ లేదు.

"నువ్వు గూడనా?" అన్నాడు మల్లికార్జున్.

"నేనే ముందుగాల పెట్టేదుండె" అంది కౌసల్య. గొంతు చిన్నదే గాని వినిపిస్తూనే ఉంది. "చలికాలం నాకు రక్తం ఎక్కించిండ్రు జూడు. ఎందుకని ఒక్కపారి అడిగినవా? నాకు నాలుగోది వచ్చిండె. చాటుకు గోలీలు మింగిన. గీ భద్రవ్వ రాకపోతే సచ్చేదాన్ని."

"నాకెందుకు జెప్పలే?"

"ఎట్ల జెప్త? ఊరి మొగదల నీ పేరుతోటి బోర్డుండె గద!"

భద్రమ్మకు కళ్లు నిండాయి. తను మింగిన మాటను కౌసల్య తన నోటితో తనే చెప్పుకుంది, ఇంతమందిలో. నిన్న ఆ మాటను వాడేసి ఉంటే ఈ నిలబడడం ఉండేదా? పోయి కౌసల్య పక్కన నిలబడింది. నవనీత కూడా బురద కాళ్లతో ఒడ్డెక్కి అటుపక్క నిలబడింది.

మల్లికార్జున్ తెల్లబట్టలతోనే ఒడ్డు మీద కూలబడ్డాడు. భార్య మొహంలోకి చూశాడు. చలికాలమంతా గుమ్మం బయటే కూర్చున్న మనిషి, ఇప్పుడు లోపలికి చూస్తున్నాడు. "గంత పానం మీదికొచ్చిందా?" అన్నాడు. ఆమె తల ఊపింది. ఆయన అరచేత్తో మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత వంగి, భద్రమ్మ పెట్టిన కట్టను రెండు చేతులతో ఎత్తి నవనీత చేతిలో పెట్టాడు.

"పో బిడ్డా. తొవ్వ నీదే" అన్నాడు. "భద్రవ్వా, ఇనాం ముట్టిందా?"

"సగం ముట్టింది. బోర్డు?"

"రెండో వరుస ఇయ్యాలనే చెరిపేస్త. జుర్మానా లేదు, కమిటీ లేదు."

"నీ పేరు గూడ చెరిపెయ్యి, మాసింది" అంది కౌసల్య. మడిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకి గుంపంతా విరగబడి నవ్వింది, డాక్టరమ్మ కూడా నవ్వింది. ఒకామె పాట ఎత్తుకుంది. ఆ పూట నాటు పరుగులు పెట్టింది. పొద్దుగూకక ముందే మడి పచ్చబడింది.

మర్నాడు సైదులు తనే ఆటో తెచ్చి గుమ్మం ముందు ఆపాడు. "పైసలు అడగ, నన్ను మాత్రం తిట్టకు పెద్దమ్మా" అన్నాడు. భద్రమ్మ తిట్టింది, తిట్టి ఎక్కింది. బోర్డు దగ్గర అతను బండి నిదానించాడు. మొదటి వరుస ఉంది. కింద రెండు వరుసలూ తెల్లగా ఉన్నాయి, రంగు ఇంకా ఆరలేదు.

దవాఖానలో సంతకం అడిగితే భద్రమ్మ అలవాటుగా బొటనవేలు ముందుకు చాపింది. నర్సు నవ్వింది. "నీ వేలు వద్దమ్మా. ఆమెది చాలు. నువ్వు బయట కూసో." ఊరితో అంత పోట్లాడి వచ్చిన మనిషిని బయట కూర్చోమన్నారు! భద్రమ్మకు ఒక్క క్షణం చిన్నతనమైంది. నవనీత తన పేరు తనే రాసుకొని, తల నిటారుగా పెట్టుకొని లోపలికి నడవడం చూశాక ఆ చిన్నతనం పోయింది. బయట బల్ల మీద కూర్చొని, ముడుపు సంగతి స్వామికి విన్నవించుకుంది. నా కోడలు బాగుంటే చాలు, ఆ ముడుపు దానికే చెల్లు పెట్టుకో అంది.

మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. సాయంత్రందాకా ఉంచి, ఇక భయం లేదని చెప్పి, మందులిచ్చి పంపారు.

పొద్దు వాలే వేళకు బోర్డు దగ్గరికి రాగానే నవనీత ఆటో ఆపమంది.

"ఈడనే గద నన్ను దింపింది. ఈడికెళ్లి నడుసుకుంటనే పోత."

మెల్లగా నడవమంటూ భద్రమ్మ పక్కన నడిచింది. దారి పక్కనే మల్లికార్జున్ రెండో మడి, గుంపు ఇంకా నాటుతోంది. ఈసారి వాళ్లతో కౌసల్య కూడా మడిలో ఉంది. వీళ్లను చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. ఒకామె అలవాటు కొద్దీ ఉరికొచ్చి నారుకట్ట నవనీత కాళ్ల ముందు పెట్టి, "ఇనాం ఇచ్చి కదులు!" అంది నవ్వుతూ.

కౌసల్య గబగబా ఒడ్డెక్కి వచ్చింది. వంగి ఆ కట్టను తీసి తన చంకలో పెట్టుకుంది.

"గీ పిల్లకు అడ్డం పెట్టకుండ్రి" అంది. "నడువు బిడ్డా, పిల్లలు ఎదురుసూస్తున్నరు."

నవనీత నడిచింది.